మెట్ల మీద మాట

పాత వంతెన కొట్టుకుపోయిన వరదకు అది మూడో ఏడు. వానలు ఇంకా మొదలు కాలేదు. జైలులో వకీళ్ళు తమ మనుషులను కలుసుకునే గదిలో ఆయన, ముద్దాయి తరఫు వకీలు, ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పిలుచుకొస్తాను సార్ అని వార్డరు వెళ్ళి చాలాసేపయింది. నేల అప్పుడే తుడిచినట్టున్నారు, ఫినాయిలు కంపు ముక్కుకు తగులుతోంది. తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా ఆయన బూట్ల గుర్తులు పడ్డాయి. ఆ గుర్తులు చూస్తే వీడెవడో లోపలికి వచ్చాడు గాని బయటికి పోలేదు అనిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఈ గదిలో ఆయనకు అలాంటివి ఎప్పుడూ తోచలేదు. వచ్చేవాడు, సంచీ బల్ల మీద పడేసేవాడు, కావలసింది అడిగేవాడు, పోయేవాడు. ఇవాళ సంచీ ఒళ్ళోనే ఉంది. పరాయివాళ్ళ పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. చెప్పవలసింది చిన్నమాటే. దారి పొడుగునా కారులో అనుకుంటూనే వచ్చాడు. రేపు జడ్జిగారు నిన్ను కూడా నిలబెట్టి అడుగుతారు, మా వకీలుతో ఆ మాట నేనెప్పుడూ అనలేదండి అని చెప్పు, అంతే. అంతే అనుకున్నప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి అనుకోవలసి వచ్చింది. మంచినీళ్ళు తాగాలనిపించింది. గదిలో నీళ్ళు లేవు. ఖైదీలు తాగే కుండ బయట వరండాలో ఉంది. లేచి వెళ్ళి తాగవచ్చు. లేవలేదు.

మాట తనదే. ఎవరూ లాగలేదు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ రోజు కోర్టులో ఎంత బాగా సాగింది. ఆనకట్ట గేట్లు చూసే ఇంజనీరును బోనులో నిలబెట్టి, ఆ చక్రాల పళ్ళకు గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయిందండీ అని అడిగితే, ఆ పెద్దమనిషి ముందు జడ్జి వైపు చూశాడు, తరువాత తన చెప్పుల వైపు చూశాడు, గుర్తు లేదు అన్నాడు. గ్రీజు లేని చక్రం ఏనుగు వచ్చినా తిరగదు. వరద నాడు గేట్లు ఎత్తలేదని జైల్లో పెట్టిన ఈయన ముద్దాయి, ఆ గేట్ల మనిషి, అక్కడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కేసంతా దాని మీదే నిలబడుతుంది. అసలు అతను అక్కడ లేడని చెప్పగలిగినవాడు ఎదటిపక్షంలో ఒక్కడూ లేడు. అలా గాలిలో తేలుతూ బయటికి వచ్చాడు. కోర్టు మెట్ల మీద మైకులు. ఎండలో మెరుస్తున్నాయి. వాటిని చూస్తే ఈ మనిషికి నడుము దానంతట అదే నిటారవుతుంది, కోటు గుండీ మీదికి చెయ్యి పోతుంది. కేసు మొదలైన రోజునే జడ్జిగారు రెండు పక్షాల వకీళ్ళనూ నిలబెట్టి చెప్పారు, వరదలో మునిగిన పల్లపు కాలనీలో ఇంకా శోకం ఆరలేదు, సాక్షులు ఇంకా రావలసి ఉంది, తీర్పు వచ్చేదాకా లోపలి మాట గుమ్మం దాటకూడదు అని. చిత్తం అన్నాడు. అందరికంటే ముందు అన్నాడు, అందరికంటే గట్టిగా అన్నాడు. ఆ చిత్తం ఇప్పుడు చెవిలో వినిపిస్తోంది. ఎంత తియ్యగా అన్నాడో. అదే నోటితో మెట్ల మీద ఇంజనీరు సంగతి రెండు ముక్కలు చెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మైకుల మధ్యలోంచి చెల్లెలి కూతురు ముందుకు వచ్చింది. మేనకోడలు కొత్తగా టీవీ వార్తల ఉద్యోగంలో చేరింది. అందరిలో మామయ్యా అనకూడదని దానికి తెలుసు. సార్ అంది. ఆ సార్‌లో మామయ్య వినిపించి ఈయనకు నవ్వొచ్చింది. ప్రాణభయంతో గేట్లు వదిలేసి పారిపోయాడని కాలనీవాళ్ళు అంటున్నారు, మీరేమంటారు సార్ అంది. పారిపోయాడు అన్నమాట వినగానే ఒళ్ళు మండింది. నిజంగానే మండింది, అది నటన కాదు. గేట్ల మనిషి మొహం కళ్ళ ముందు ఆడింది. పారిపోవడమేమిటి, నడవలేని అన్న కూతుర్ని భుజాన వేసుకుని గట్టెక్కించడానికి పోయాడు, దాన్ని పారిపోవడం అంటారా అన్నాడు.

అన్నాక ఒక్క క్షణం మెట్ల మీద సద్దు లేదు. ఆ సద్దు లేకపోవడాన్ని తన గొప్పతనం అనుకున్నాడు. కిందికి దిగి కారు తలుపు తీసి కూర్చున్నాక, డ్రైవరు అద్దంలోంచి చూసి, అయితే ఆ టయానికి అతను గేట్ల దగ్గర లేడన్నమాటే కదండీ అన్నాడు. మామూలుగా అన్నాడు, వాన పడిందటండీ అన్నట్టు. అప్పుడు తెలిసింది. ఎదటిపక్షం వకీలు ఏడాదిగా కిందామీదా పడుతున్నా నిరూపించలేని సంగతిని, అతన్ని కాపాడవలసిన నోరు మెట్ల మీద నిలబడి ఊరందరికీ పంచిపెట్టింది. మంచివాడని చెప్పబోయి మనిషిని పట్టిచ్చాడు. శత్రువు నోరు జారడం వేరు. ఈ పొరపాటు జాలి పడ్డ వకీలు మాత్రమే చెయ్యగలడు. జాలేనా. ఆ మైకులు లేకపోతే ఆ జాలి వచ్చేదా. కారులో డ్రైవరు అదే మాట అడిగితే, నీకెందుకోయ్, ముందు చూసి తోలు అనేవాడు.

పెద్ద వకీలు ఉంటే ఏమనేవారో. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. మూగ వకీలు అనేవారు అందరూ. కేసు నడుస్తున్నంతకాలం వాన వచ్చేలా ఉందాండీ అని అడిగినా, అది విచారణలో ఉంది అనేవారు. ఒకసారి ఎవరో పెళ్ళిలో చుట్టూ చేరి కేసు సంగతి కదిపితే, పెళ్ళికొడుకు పొడుగున్నాడు కదూ అని లేచి చేతులు కడుక్కోడానికి పోయారు, మళ్ళీ పంక్తిలోకి రాలేదు, సగం భోజనంతో ఇంటికి పోయారు. ఈయన ఆ కథ చెప్పి ఎన్నిసార్లు జనాన్ని నవ్వించాడో. నవ్వించాడు గాని ఆ సగం భోజనం ఎందుకు వదిలేశారో ఆలోచించలేదు. ఒకసారి మాత్రం పెద్ద వకీలు వివరంగా చెప్పారు. సాక్షికి చెవులుంటాయోయ్, బయట మన మాట విని లోపలికి వచ్చి తన మాట అనుకుంటాడు, అది అబద్ధం కూడా కాదు, మనమే వాడి తలలో పెట్టి ఉంటాం అన్నారు. ఈయన తల ఊపాడు. తల ఊపడం బాగా వచ్చు. తోటి వకీళ్ళు ఈయనకు పెట్టిన పేరు మైకు. మైకు వచ్చాడా, మైకు భోంచేశాడా అంటారు. చాటుగా అనుకుంటారని కోపం వచ్చేది, లోపల కొంచెం బాగానే ఉండేది. ఇంటావిడ మొహం మీదే అంటుంది. ఇంట్లో మూడు మాటలడిగితే ఒకదానికి జవాబుండదు, ఆ గొట్టాలు కనిపిస్తే చాలు మీకు నోరు పుడుతుంది, నేను కూడా ఒకటి కొనుక్కుని వంటింట్లో పెట్టుకుంటాను అంటుంది. నిన్న రాత్రి అనలేదు. అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. అనవలసిన రోజున అనకపోతే మనిషి ఎక్కడికి పోవాలి.

వరండాలో తాళాల గుత్తి చప్పుడయింది. వస్తున్నారనుకుని సర్దుకుని కూర్చున్నాడు. చప్పుడు ఇంకో వైపు పోయింది. మళ్ళీ కుర్చీలో జారబడ్డాడు. రాకపోతే బాగుండునని ఒక పక్క, తొందరగా వస్తే అయిపోతుందని ఇంకో పక్క. ఇదే కుర్చీ. ఇదే బల్ల. గేట్ల మనిషి ఆ మాట చెప్పింది ఇక్కడే. వెంటనే చెప్పలేదు. ఎన్నో మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటే, అడిగినదానికల్లా మీకు తెలియనిదేముంది సార్ అనేవాడు. ఒకనాడు తనంతట తానే మొదలుపెట్టాడు. నీళ్ళ రంగు మారిందని, నురగ కట్టిందని, ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదని. చక్రం పట్టుకుని వేలాడినా కదలలేదని. అన్న లారీ మీద పరాయి ఊరు పోయాడు, వదిన ఒక్కతే ఉంది, పెద్ద పిల్లకు పుట్టుకతోనే కాళ్ళు లేవవు. గట్టు దిగి పరుగెత్తాడు. పిల్లను భుజాన వేసుకున్నాడు, వదిన చిన్నదాన్ని ఎత్తుకుంది. దారిలో అరుస్తూనే ఉన్నాను సార్, కాని పక్కింటి తలుపు తట్టలేదు, తట్టడానికి చెయ్యి ఖాళీ లేదు అన్నాడు. తరువాత తన చేతులు రెండూ బల్ల మీద పెట్టి వాటిని చూస్తూ కూర్చున్నాడు. పక్కింటివాళ్ళు ఒక్కరూ మిగలలేదు. ఈయన అప్పుడు ఏమన్నాడు. ఈ సంగతి ఇంకెవరితోనూ అనకు, నాకు చెప్పావు, నాలోనే ఉంటుంది అన్నాడు. భుజం తట్టాడు కూడా. ఎంత పెద్దమనిషి తరహాగా తట్టాడు.

మాట బయటపడ్డ మర్నాటికే కాలనీవాళ్ళు అన్న ఇంటి ముందు చేరారట. మిగిలినవాళ్ళు, పోయినవాళ్ళ మనుషులు. మీ పిల్లల్ని మోసుకుపోవడానికి కాళ్ళొచ్చాయి, మా తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదా అన్నారట. ఎవరో రాయి విసిరారు. కిటికీ పగిలి అద్దం ముక్కలు నడవలేని ఆ పిల్ల మంచం మీద పడ్డాయి. తెల్లారేసరికి అన్న లారీలోనే సామాను వేసుకుని ఎక్కడికో పోయాడు. ఈ కబురు తెచ్చింది ఈయన దగ్గర పనిచేసే జూనియరు. ఆ అమ్మాయి చెప్పడం చెప్పి, తల వంచుకుని పుస్తకాలు సర్దుతూ నిలబడింది. ఇంకోటుందండీ అంది. గట్టు మీద టీకొట్టు నడిపే ముసలావిడ, ఎదటిపక్షం సాక్షి. ఆ వేళ అతను కనపడ్డాడో లేదో నాకు జ్ఞాపకం లేదు బాబూ అని మొదటినుంచీ అంటున్న మనిషి. ఇప్పుడు టీవీ చూశాక అవును, గట్టు దిగి పోతుంటే చూశాను, భుజాన ఏమీ లేదు, ఒట్టి చేతులతో పోతున్నాడు అంటోందట. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు. నిజంగానే కనపడుతోంది ఆవిడకు. కనపడేటట్టు తనే చేశాడు. పెద్ద వకీలు చెప్పింది అక్షరాలా అదే.

జడ్జిగారు కబురంపారు, రేపు పొద్దున వచ్చి సంజాయిషీ చెప్పుకోమని. అన్నానంటే కోటు విప్పిస్తారు, ఎన్నాళ్ళకో తెలియదు. దానితో పోదు. అన్నాను, నిజమే అంటే గేట్ల మనిషి మెడకు తనే ఉరి బిగించినట్టు. అనలేదు అంటే. అక్కడే దారి కనపడింది. మేనకోడలి టీవీవాళ్ళు ఆ మాటను కత్తిరించి, ముందూ వెనకా లేకుండా వేశారు. నేను కాలనీవాళ్ళు అనుకుంటున్న మాట చెబుతున్నాను, ఆ పిల్ల దాన్ని నా మాటగా అతికించింది అనవచ్చు. గేట్ల మనిషి కూడా నేనెప్పుడూ చెప్పలేదు అంటే రెండూ కలిసి కూర్చుంటాయి. పిల్ల ఉద్యోగం పోతుంది, పోతే ఇంకోటి దొరుకుతుంది, చిన్నది కదా. రాత్రంతా ఈ మాటకు మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు. పొద్దున చెల్లెలు ఫోను చేసింది. అది అన్నం ముట్టడం లేదు అన్నయ్యా అంది. నువ్వా మాట అనలేదంటావేమోనని దాని ఆఫీసులో అనుకుంటున్నారట. నువ్వు అన్నావా లేదా, నాకు అదొక్కటి చెప్పు, ఉద్యోగం సంగతి తరువాత. చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే. చిన్నప్పుడు దాని పలక పగలగొట్టి, ఎవరు పగలగొట్టార్రా అని నాన్న అడిగితే కూడా ఇంతే. అప్పుడు చెల్లెలే, నేనే కిందేసుకున్నాను నాన్నా అంది. అది తలుచుకుని చాలా ఏళ్ళు ముచ్చటపడ్డాడు, మా చెల్లెలికి నేనంటే ప్రాణం అని. ముచ్చటపడడమే గాని సిగ్గుపడలేదు. ఇవాళ కూతురి వంతు వచ్చింది.

తలుపు దగ్గర వార్డరు నిలబడ్డాడు. పక్కన గేట్ల మనిషి. బట్టలుతికే చోటినుంచి తెచ్చినట్టున్నారు, మోచేతుల దాకా తడి. వార్డరు నవ్వాడు. టీవీలో భలే మాట్లాడారు సార్, మా బ్యారక్కులో అందరం చూశాం, రెండుసార్లు వేశాడు అన్నాడు. అయితే గేట్ల మనిషి కూడా చూశాడు. ఇంత దూరం ఈయన ఆ ఒక్క సంగతి మాత్రం తలపుకు రానివ్వకుండా వచ్చాడు. గేట్ల మనిషి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. తిడతాడేమో. తిడితే బాగుండును. ఒక్క మాటంటే దాన్ని పట్టుకుని, నీ మేలు కోరే కదయ్యా అన్నాను అని తను కూడా గొంతు పెంచవచ్చు. అతను తిట్టలేదు.

"మా పిల్ల ఎక్కడుంది సార్?" అన్నాడు.

తెలియదు అన్నాడు ఈయన. లారీలో వేసుకుని పోయాడన్నారు, ఎక్కడికో కనుక్కుంటాను. కనుక్కుంటాను అన్నమాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది, చిత్తం వచ్చినట్టే. గేట్ల మనిషి తల ఊపాడు. దానికి లారీ ఎక్కితే వాంతులవుతాయి, కిటికీ పక్కన కూర్చోబెట్టాలి, మా వదినకు తెలుసులే అన్నాడు తనలో తాను. తరువాత నెమ్మదిగా, మీరు మంచికే అన్నారని మావాళ్ళు అంటున్నారు సార్ అన్నాడు. మావాళ్ళంటే లోపలివాళ్ళు. అందులో ఒక దొంగ ఉన్నాడట, వాడు మాత్రం మీ వకీలు నీకంటే ముందు నేరం ఒప్పేసుకున్నాడ్రా అన్నాడట. చెబుతూ గేట్ల మనిషి కొంచెం నవ్వాడు. ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. రేపు నువ్వు ఇలా చెప్పు. నోరు తెరిచాడు. రేపు, అన్నాడు.

"రేపు మీరేం చెప్పమంటే అది చెబుతాను సార్. చెప్పలేదని చెప్పమంటే చెప్పలేదంటాను. నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

అడగకుండానే ఇచ్చేశాడు. ఈ గదికి దేనికోసం వచ్చాడో అది బల్ల మీద పెట్టేశాడు, తీసుకుని సంచీలో వేసుకుని పోవడమే. మాట ఇంత సులువుగా దొరుకుతుందని అనుకోలేదు. బతిమాలాలి, నచ్చజెప్పాలి, లొంగకపోతే కొంచెం బెదిరించాలి అనుకుని వచ్చాడు, అన్నీ సిద్ధం చేసుకున్నాడు. ఇప్పుడు ఆ బరువంతా ఎక్కడ దింపాలో తెలియలేదు. తనను ఊరికి పట్టిచ్చిన మనిషి చేతికే ఈ మనిషి మళ్ళీ తన మెడ ఇస్తున్నాడు, వేరే చెయ్యి లేదు గనక. పక్కింటి తలుపు తట్టడానికి చెయ్యి ఖాళీ లేకపోయినందుకు మూడేళ్ళుగా నిద్ర పోని మనిషి. తనకు ఆ రోజు మెట్ల మీద చేతులు రెండూ ఖాళీయే, నోరు మూసుకోవడానికి ఒక్క చెయ్యి చాలు. వార్డరు తలుపులోంచి తొంగి చూసి టైమయింది సార్ అన్నాడు. ఈయన లేచాడు. కూర్చున్నాడు. రేపు నిన్ను ఏమడిగినా నోరు విప్పకు, అబద్ధం వద్దు, నిజమూ వద్దు, చెప్పేదేదో నేనే చెబుతాను అన్నాడు. గేట్ల మనిషి ఆయన మొహంలోకి చూశాడు. మీరు మళ్ళీ చెబుతారా సార్ అన్నాడు. వెటకారం కాదు, భయం. నిజంగా భయపడ్డాడు. అతన్ని తీసుకుపోయారు. తడి చేతులు పెట్టుకున్న చోట లుంగీ మీద రెండు మరకలు, లేచినప్పుడు కనపడ్డాయి.

మర్నాడు పొద్దున కోర్టుకు మామూలు కంటే ముందే పోయాడు. జూనియరును పిలిచి, ఇక కేసు నీది, అతను సరేనంటే అన్నాడు. ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని అతన్ని అడగడానికి పోయింది. జడ్జిగారు వచ్చి కూర్చున్నాక, వకీళ్ళ బల్ల దగ్గర కాకుండా, సంజాయిషీ చెప్పుకునేవాళ్ళు నిలబడే చోటికి పోయి నిలబడ్డాడు. మెట్ల మీద ఆ మాట నేనే అన్నానండి అన్నాడు. తమరు వద్దన్నాక అన్నాను. ఆ టీవీ అమ్మాయి నా మాటను ఉన్నదున్నట్టు చూపించింది, ఏమీ కల్పించలేదు. ఆ మాట నాది, నా మనిషిది కాదు, దాన్ని అతని మీద వాడవద్దని ప్రార్థిస్తున్నాను. ఎవరు చెప్పారు మీకు ఆ సంగతి అని జడ్జిగారు అడిగారు. అది చెప్పనండి అన్నాడు. చెప్పకపోతే శిక్ష పెరుగుతుంది, తెలుసుగా అన్నారు. తెలుసండి అన్నాడు. టీకొట్టు ముసలావిడ సాక్షులు కూర్చునే చోట కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆవిడ తలలోకి పోయిన మాటను వెనక్కి తీసే మార్గం జడ్జిగారి దగ్గరా లేదు, ఎవరి దగ్గరా లేదు. తీర్పు వచ్చేదాకా, ఆ తరువాత తాము చెప్పేదాకా, ఏ కోర్టులోనూ నిలబడి మాట్లాడకూడదని జడ్జిగారు రాయించారు. ఇంకేమైనా చెప్పుకునేదుందా అని అడిగారు. లేదండి అన్నాడు.

కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. బయటికి పోవచ్చు. పోలేదు. వెనక, కేసులున్నవాళ్ళ చుట్టాలు కూర్చునే బెంచీ మీద ఖాళీ ఉంటే కూర్చున్నాడు. ముందు జూనియరు లేచి నిలబడింది, కాగితాలు సర్దుకుని మొదలుపెట్టింది. గేట్ల మనిషి ఆ అమ్మాయి వైపే చూస్తున్నాడు. కాసేపటికి పక్కన కదలిక తెలిసి ఈయన తల తిప్పాడు. అవతలి కొసన కూర్చున్నది అన్న, లారీ అన్న. ఎక్కడినుంచి వచ్చాడో, బట్టల నిండా దుమ్ము. అన్న ఈయన్ని చూశాడు, ఎవరో పోల్చుకున్నాడు. పిల్ల ఎక్కడుంది అని అడగాలనిపించింది. అడగలేదు. అన్న లేచి, మోకాళ్ళు తగలకుండా పక్కకు జరిగి, ఇంకో బెంచీ మీదికి పోయి కూర్చున్నాడు. ఈయన కోర్టు లేచేదాకా అక్కడే కూర్చున్నాడు.